నెలసరే రాని మౌస్‌లో ఎండోమెట్రియోసిస్ పరిశోధన: ఏ జంతువు దేనికి పనికొస్తుంది?

హారిక_బయో (హైదరాబాద్) · సోమవారం రాత్రి 9:40

అందరికీ నమస్కారం. పీహెచ్‌డీ మొదటి ఏడాదిలో ఉన్నాను. టాపిక్ ఎండోమెట్రియోసిస్. గర్భాశయం లోపలి పొరలాంటి కణజాలం బయట, అంటే అండాశయాల మీద, పేగుల మీద, పొత్తికడుపు గోడల మీద పెరిగే జబ్బు. ఈస్ట్రోజెన్ దాన్ని పోషిస్తుంది. అదుపులో పెట్టాల్సిన ప్రొజెస్టెరాన్ మాట అక్కడ సరిగ్గా చెల్లదు.

మా ల్యాబ్‌లో ర్యాట్ మోడల్ చేస్తారు, అంటే ర్యాట్‌లో (పెద్ద ఎలుకలో) ఈ జబ్బు లాంటిది తెప్పించి చూస్తారు. గైడ్ గారు దాంతోనే మొదలుపెట్టమంటున్నారు. కానీ ర్యాట్‌కి గానీ మౌస్‌కి (చిట్టెలుకకి) గానీ నెలసరి రాదు. నాలుగైదు రోజులకోసారి ఎద చక్రం తిరుగుతుంది, అంతే. పొర రక్తంతో పాటు రాలిపోదు. నెలసరి రక్తం కొంత వెనక్కి, ట్యూబుల గుండా పొత్తికడుపులోకి పోవడం వల్లే ఈ జబ్బు మొదలవుతుందని శాంప్సన్ 1927లో చెప్పిన సిద్ధాంతాన్నే ఇప్పటికీ ఎక్కువమంది పట్టుకుని ఉన్నారు. నెలసరే లేని జంతువులో మరి మనం చూసేది ఏ జబ్బుని?

జంతు ప్రయోగానికి అనుమతి కోరుతూ ఎథిక్స్ కమిటీకి ఫారం-బి రాయాలి. "ఈ జంతువునే ఎందుకు ఎంచుకున్నారు" అన్న చోట ఆగిపోయాను. "అందరూ ఇదే వాడుతున్నారు" అని రాయడానికి మనసొప్పడం లేదు. అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

క్లైడ్_తీరం (గ్లాస్గో, పోస్ట్‌డాక్) · సోమవారం రాత్రి 11:15

హారిక గారూ, అసలు తేడా రక్తం పోవడం దగ్గర లేదు, దానికి ముందు మెట్టు దగ్గర ఉంది. ఆడవాళ్లలో పిండం వచ్చినా రాకపోయినా, అండం విడుదలయ్యాక ప్రతి నెలా పొర గర్భానికి సిద్ధమైపోతుంది. డెసిడ్యువలైజేషన్ అంటాం. కణాలు ఉబ్బి, రూపం మార్చుకుని, వెనక్కి రాలేని స్థితికి చేరతాయి. ఆ తర్వాత పిండం రాక ప్రొజెస్టెరాన్ పడిపోతే రాలిపోవడం తప్ప వాటికి దారి లేదు. మౌస్ అలా ముందుగా సిద్ధం కాదు. పిండం వచ్చి అంటుకున్నాకే ఆ మార్పు మొదలవుతుంది. కాబట్టి మామూలు చక్రంలో దానికి రాల్చాల్సినదేమీ ఉండదు.

అలా ముందే సిద్ధమయ్యే జీవులు చాలా తక్కువ. మనం, చింపాంజీ లాంటి ఏప్‌లు, ఆసియా ఆఫ్రికా కోతులు, కొన్ని గబ్బిలాలు, ఎలిఫెంట్ ష్రూ అనే పొడుగు ముక్కు చిన్న జంతువు. 2017లో ఇంకో పేరు చేరింది, స్పైనీ మౌస్. ఒంటి మీద ముళ్లలాంటి వెంట్రుకలుండే ఈ ఎలుకకి సుమారు 9 రోజుల చక్రం, చివర్లో నిజంగానే నెలసరి లాంటి రక్తస్రావం ఉంటుందని మెల్‌బోర్న్‌లోని మోనాష్ విశ్వవిద్యాలయం వాళ్లు చూపించారు. ఆశ పుట్టించే జంతువే, కానీ మామూలు మౌస్‌కి ఉన్నన్ని జన్యు పనిముట్లు, యాంటీబాడీలు దానికి ఇంకా లేవు.

మీ ల్యాబ్‌లో చేసేది బహుశా 1985లో వెర్నన్, విల్సన్ మొదలుపెట్టిన పద్ధతి. ర్యాట్ గర్భాశయానికి రెండు కొమ్ములుంటాయి. ఒక కొమ్ముని తీసి, చిన్న చిన్న ముక్కలు చేసి, అదే జంతువు పేగులకి రక్తం తెచ్చే నాళాల పక్కన కుట్టేస్తారు. కొన్ని వారాల్లో ఆ ముక్కలు నీటి బుడగల్లా ఉబ్బుతాయి. ఈస్ట్రోజెన్ ఉంటే పెరుగుతాయి, అండాశయాలు తీసేస్తే ముడుచుకుపోతాయి. ఒక మందు ఈస్ట్రోజెన్ దారిని మూస్తుందా లేదా అనే ప్రశ్నకి ఇది చాలు. జబ్బు ఎలా మొదలైంది అనే ప్రశ్నకి చాలదు. మనమే కత్తి పట్టుకుని, కండర పొరతో సహా తెచ్చి కుట్టాం, ఇక మొదలవడం అనే ఘట్టం ఎక్కడుంది?

దీనికి దగ్గరి దారి ఇంకొకటుంది. 1984లో ఫిన్, పోప్ మౌస్‌కి చేత్తో నెలసరి తెప్పించారు. అండాశయాలు తీసేసి, ముందు ఈస్ట్రోజెన్, తర్వాత ప్రొజెస్టెరాన్ ఇచ్చి, సరైన సమయానికి గర్భాశయం కొమ్ములోకి నూనె చుక్క ఎక్కిస్తారు. పిండం వచ్చిందనుకుని పొర డెసిడ్యువా అవుతుంది. అప్పుడు ప్రొజెస్టెరాన్ ఆపేస్తే పొర చిట్లి, రక్తంతో రాలుతుంది. ఎడిన్‌బరో బృందం 2014లో ప్రచురించిన పద్ధతిలో, అలా రాలబోతున్న పొరని ఒక మౌస్ నుంచి తీసుకుని, అదే జాతి మౌస్ పొత్తికడుపులోకి సూదితో వదులుతారు. కుట్టు లేదు, కండర పొర లేదు. ఎక్కడ అంటుకోవాలో ఆ ముక్కలే తేల్చుకుంటాయి. పుండ్లు చిన్నవిగా, చెల్లాచెదురుగా వస్తాయి, వెతికి పట్టుకోవడం కష్టం. కానీ మనుషుల్లో కనిపించేవాటికి రూపంలో దగ్గరగా ఉంటాయి.

స్లైడు_చూపు (పాథాలజీ, విశాఖ) · మంగళవారం ఉదయం 6:50

క్లైడ్ గారి మాటకి ఒకటి చేరుస్తాను. రక్తం వెనక్కి పోవడం ఒక్కటే కారణమైతే దాదాపు ప్రతి ఆడమనిషికీ ఈ జబ్బు రావాలి. 1984లో హాల్మే బృందం నెలసరి సమయంలో ల్యాపరోస్కోపీ చేసి చూస్తే, ట్యూబులు తెరిచి ఉన్నవాళ్లలో 90 శాతం మందికి పొత్తికడుపు ద్రవంలో రక్తం కనిపించింది. జబ్బు వచ్చేది పదిమందిలో ఒకరికి. మిగతా తొమ్మిదిమందిలో ఆ ముక్కల్ని ఎవరు శుభ్రం చేస్తున్నారు? మాక్రోఫేజ్‌లా, ఎన్‌కే కణాలా, ఏ రోగనిరోధక కణాలు? అంటుకున్నచోట నరాలు ఎందుకు మొలుస్తున్నాయి? ఇలాంటి ప్రశ్నలకి రోగనిరోధక వ్యవస్థ చెక్కుచెదరకుండా ఉన్న మౌస్ కావాలి. మనిషి కణజాలాన్ని నిరోధకత తగ్గిన న్యూడ్ మౌస్‌లో పెట్టి చూసే మోడల్ ఈ పనికి అక్కరకు రాదు, ఎందుకంటే అందులో టీ కణాలు అనే రోగనిరోధక కణాలు లేవు, వ్యవస్థ మొత్తంగా పనిచేసే తీరు కనబడదు.

హారికా, మీ ప్రశ్న ముందు ఒక్క వాక్యంలో రాయండి. జంతువు ఏదన్నది దాన్నిబట్టి తేలుతుంది. కమిటీలో కూర్చున్నప్పుడు నేను మొదట చదివేది ఆ వాక్యమే.

పశుమిత్ర (పశువైద్యుడు, చిత్తూరు) · మంగళవారం మధ్యాహ్నం 2:05

అమ్మా హారికా, మీరంతా ల్యాబ్ జంతువుల గురించి మాట్లాడుతున్నారు. హార్మోన్ల వల్ల గర్భాశయ పొరకి వచ్చే జబ్బు నా టేబుల్ మీదకి రోజూ వస్తుంది, కుక్కల్లో.

ఆడకుక్క ఎదకు వచ్చి పోయాక, చూలు కట్టినా కట్టకపోయినా సుమారు రెండు నెలలపాటు ప్రొజెస్టెరాన్ ఎక్కువగానే ఉంటుంది. ఎద వచ్చిన ప్రతిసారీ ఇదే తంతు. ఏళ్లు గడిచేకొద్దీ పొర మందమై, గ్రంథులు ఉబ్బి, బుడగలు కడుతుంది. గర్భాశయం ముడుచుకునే శక్తి తగ్గుతుంది. కింది నుంచి ఈ.కోలై పైకి ఎక్కితే లోపలంతా చీము. అదే పయోమెట్రా. ఎద అయిపోయిన నెలా రెండు నెలల్లో కుక్క విపరీతంగా నీళ్లు తాగుతోంది, తిండి మానేసింది, నీరసంగా పడి ఉంది అంటే నేను ముందు దీన్నే అనుమానిస్తాను. చీము బయటికి వస్తే నయం, యజమాని కంట పడుతుంది. గర్భాశయ ముఖం మూసుకుపోయిన కేసుల్లో కడుపు ఉబ్బేదాకా ఎవరికీ తెలియదు. ఆపరేషన్ చేసి తీస్తే రెండు కొమ్ములూ చీముతో నిండి, గొట్టాల్లా బిగుసుకుని బయటికి వస్తాయి. స్వీడన్‌లో పెంపుడు కుక్కల బీమా రికార్డులు చూస్తే, గర్భాశయం తీయని కుక్కల్లో పదేళ్లలోపు దాదాపు నాలుగోవంతుకి ఇది వచ్చింది.

ఇందులో మీకు పనికొచ్చే సంగతేమిటంటే, ఆడవాళ్లలో ప్రొజెస్టెరాన్ ఆ పొరకి కాపలా. కుక్కలో అదే హార్మోన్ చేటు చేస్తుంది. ఎద ఆపడానికని ప్రొజెస్టిన్ (ప్రొజెస్టెరాన్‌లా పనిచేసే మందు) ఇంజెక్షన్ వేయించిన కుక్కలకి ఈ జబ్బు తెచ్చిపెట్టినట్టే అవుతుంది. హార్మోన్ ఒకటే, పొర ఒకటే, జంతువు మారితే ఫలితం తలకిందులు. కుక్క మీద చేసిన ప్రొజెస్టిన్ పరీక్షని తెచ్చి మనిషికి అతికించేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి.

కుందేళ్ల సంగతి వేరు. వయసు మళ్లిన ఆడకుందేళ్లలో గర్భాశయ క్యాన్సర్ చాలా మామూలు. ఎవరూ ఏమీ ఎక్కించకుండానే వస్తుంది.

వాణి_గోదావరి (రాజమహేంద్రవరం) · మంగళవారం రాత్రి 8:30

నేను సైన్సు చదివినదాన్ని కాదు. ఈ జబ్బు ఉన్నదాన్ని. ఇన్నాళ్లుగా ఈ చర్చా వేదిక చదవడమే తప్ప రాసింది లేదు, ఈ టాపిక్ చూశాక ఆగలేకపోయాను.

నాకు కాలేజీ రోజుల నుంచే నొప్పి. "పెళ్లయితే తగ్గుతుంది", "ఒక కాన్పు అయితే సర్దుకుంటుంది" అన్నారు. పెళ్లయింది, కాన్పూ అయింది, నొప్పి ఎక్కడికీ పోలేదు. ఒక ఆసుపత్రిలో స్కాన్ నార్మల్‌గా ఉంది కాబట్టి టెన్షన్ వల్ల వస్తోందన్నారు. చివరికి ల్యాపరోస్కోపీ చేస్తేనే బయటపడింది. అప్పుడు డాక్టరమ్మ అన్నదేమిటంటే, "మచ్చలు చిన్నవే అమ్మా, ఇంత నొప్పి ఎందుకో మరి."

పైన మీరు రాసిన ప్రయోగాలన్నీ చదివాను. ముక్క పెరిగిందా, ముడుచుకుందా, ఎన్ని మిల్లీమీటర్లు అనే కొలుస్తున్నారు. నాకు మిల్లీమీటర్లతో పనిలేదండీ. నెలకి వారం రోజులు లేవలేకపోవడం నా జబ్బు. ఎలుక నొప్పి ఎవరైనా కొలుస్తున్నారా?

క్లైడ్_తీరం · మంగళవారం రాత్రి 11:50

వాణి గారూ, మా రంగాన్ని అడగాల్సిన ప్రశ్న అడిగారు.

చాలా ఏళ్లు కొలవలేదు. దాని ఖరీదు కూడా చెల్లించాం. టీఎన్‌ఎఫ్ ఆల్ఫా అనే వాపు పుట్టించే అణువుని అడ్డుకుంటే బబూన్ కోతుల్లో ఎండోమెట్రియోసిస్ పెరగకుండా ఆపగలిగారు. బబూన్‌కి నెలసరి వస్తుంది, ఈ జబ్బు దానంతటదే కూడా వస్తుంది, ఇంతకంటే దగ్గరి జంతువు దొరకదు అనుకున్నాం. అదే అణువుని అడ్డుకునే ఇన్‌ఫ్లిక్సిమాబ్ అనే మందుని లోతుగా పాకిన ఎండోమెట్రియోసిస్ ఉన్న ఆడవాళ్లకి ఇచ్చి, 2008లో ఫలితాలు ప్రచురించారు. నొప్పిలో తేడా లేదు. బబూన్ అబద్ధం చెప్పలేదు. దాన్ని మనం అడిగింది మచ్చల గురించి, మీలాంటివాళ్లు చెబుతున్నది నొప్పి గురించి. మచ్చల సైజుకీ నొప్పికీ పొంతన ఉండదన్నది మీ డాక్టరమ్మకే కాదు, అందరికీ తెలిసిన సంగతే. తెలిసి కూడా సైజునే కొలుస్తూ వచ్చాం, సైజు కొలవడం తేలిక కాబట్టి.

ఇప్పుడు పరిస్థితి కొంత మారింది. వాన్ ఫ్రై అని రకరకాల మందంలో సన్నని ప్లాస్టిక్ పోగులుంటాయి. మౌస్‌ని జాలీ మీద నిలబెట్టి, కింది నుంచి పొట్టకో పాదానికో ఆ పోగుతో తాకుతాం. ఏ పోగుకి ఒళ్లు ముడుచుకుంటుందో రాసుకుంటాం. జబ్బు ఉన్న మౌస్ మామూలు మౌస్ పట్టించుకోని సన్న పోగుకే ఉలిక్కిపడుతుంది. 2010లో వచ్చిన మౌస్ గ్రిమేస్ స్కేల్‌లో ముఖం చూస్తారు: కళ్లు చికిలించడం, ముక్కు, బుగ్గలు ఉబ్బడం, చెవులు, మీసాలు ఎటు తిరిగాయి. గూడు కట్టుకోవడం, తవ్వడం, చక్రం మీద పరిగెత్తడం తగ్గాయా అన్నది నాకు వీటన్నిటికంటే ముఖ్యం. తాకితే వచ్చే నొప్పి వేరు, ఎవరూ తాకకుండానే ఉండే నొప్పి వేరు. మీరు చెప్పింది రెండోది.

హారిక_బయో · బుధవారం ఉదయం 7:20

వాణి గారూ, మీరు రాసింది రాత్రి చాలాసేపు ఆలోచించేలా చేసింది. నా ప్రపోజల్‌లో కొలతలన్నీ పుండు సైజు, బరువు, జన్యువుల పనితీరు. నొప్పి అన్న పదమే లేదు. చేరుస్తున్నాను.

అహింస_రవి (వరంగల్) · బుధవారం ఉదయం 10:10

నేను అడిగేది సూటిగా అడుగుతాను. బబూన్‌లో పనిచేసింది మనిషిలో చేయలేదని మీరే రాశారు. కుక్కలో ఫలితం తలకిందులని డాక్టర్ గారు రాశారు. మౌస్‌కి నెలసరే రాదు. మరి ఇన్ని ప్రాణులు ఎందుకు?

కోతుల సంగతి మన దేశానికి కొత్త కాదు. పోలియో టీకా రోజుల్లో, 1950లలో మన రీసస్ కోతుల్ని ఏటా లక్షకు పైగా విదేశీ ల్యాబులకి ఎగుమతి చేశారు. 1978లో మొరార్జీ దేశాయ్ ప్రభుత్వం ఆ ఎగుమతిని ఆపేదాకా అది సాగింది. విదేశాల్లో ఆడవాళ్ల జబ్బుల మీద జరిగిన రీసస్ పరిశోధనల వెనక ఉన్నవి మన అడవుల కోతులు, మన ఊళ్ల కోతులు.

ఇప్పుడు ఆర్గనాయిడ్‌లు వచ్చాయి కదా. 2017లో కేంబ్రిడ్జ్, లూవెన్ బృందాలు గర్భాశయ పొర కణాల్ని జెల్‌లో పెంచి, చిన్న చిన్న బోలు గోళాలుగా చేశారు. ఈస్ట్రోజెన్‌కీ ప్రొజెస్టెరాన్‌కీ అవి స్పందిస్తాయి. తర్వాత నెలసరి ద్రవం నుంచి కూడా వాటిని పెంచగలిగారు. అంటే సూది కూడా గుచ్చక్కర్లేదు. అమెరికాలో 2022 డిసెంబరులో చట్టం మార్చి, కొత్త మందుకి జంతు పరీక్ష తప్పనిసరి అన్న మాట తీసేశారు. మన దేశంలోనూ 2023లో ఔషధ నిబంధనలు సవరించి వేరే పద్ధతులకి చోటిచ్చారు. హారిక గారు ఆ దారి పట్టొచ్చు కదా?

స్లైడు_చూపు · బుధవారం మధ్యాహ్నం 1:30

రవి గారూ, మీ బాధ నాదీ. కోతి మీద చేయాల్సిన పని ఎండోమెట్రియోసిస్‌లో చాలా తక్కువ మిగిలిందని నా అభిప్రాయం కూడా. కానీ ఇన్ని ప్రాణులు ఎందుకు అన్నదానికి నిజాయితీగా జవాబు చెప్పాలంటే, ఇదే పొరకి సంబంధించిన ఒక మందు కథ మొత్తం చెప్పాలి. టామాక్సిఫెన్.

1960లలో ఇంగ్లండ్‌లోని ఐసీఐ కంపెనీ దీన్ని తయారుచేసింది. ర్యాట్‌లకి ఇస్తే గర్భం నిలవలేదు. కలయిక తర్వాత వేసుకునే గర్భనిరోధక మాత్ర దొరికిందనుకున్నారు. 1967లో ప్రచురించారు. ఆడవాళ్లకి ఇస్తే అండం విడుదలవడానికి తోడ్పడింది! సంతానం లేనివాళ్లకి ఇచ్చే మందయింది. ర్యాట్ ఇక్కడ పూర్తిగా తప్పుదారి పట్టించింది.

తర్వాత అది రొమ్ము క్యాన్సర్ మందుగా నిలబడింది, లక్షలమందిని కాపాడింది. ఈస్ట్రోజెన్‌ని అడ్డుకునే మందని అందరూ అనుకుంటున్న రోజుల్లో, అమెరికాలో క్రెయిగ్ జోర్డన్ బృందం ఒక ప్రయోగం చేసి 1988లో ప్రచురించింది. న్యూడ్ మౌస్‌కి ఒక పక్క మనిషి రొమ్ము క్యాన్సర్ గడ్డ, ఇంకో పక్క మనిషి గర్భాశయ పొర క్యాన్సర్ గడ్డ అంటించారు. ఒకే ఒంట్లో రెండూ. టామాక్సిఫెన్ ఇచ్చారు. రొమ్ము గడ్డ ఆగిపోయింది, గర్భాశయం గడ్డ పెరిగింది. ఒకే మందు, ఒకే రక్తం, ఒక కణజాలంలో ఈస్ట్రోజెన్‌కి శత్రువు, ఇంకో దాంట్లో తోడు. మరుసటి ఏడాదే స్టాక్‌హోమ్ ట్రయల్ నుంచి, టామాక్సిఫెన్ వాడిన ఆడవాళ్లలో గర్భాశయ పొర క్యాన్సర్ ఎక్కువగా వస్తోందని తేలింది. 1996లో ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధన విభాగం ఐఏఆర్‌సీ దాన్ని మనిషిలో క్యాన్సర్ కారకాల జాబితాలో, గర్భాశయ పొర విషయంలో చేర్చింది. రొమ్ముకి చేసే మేలు మాత్రం ఎక్కువేనని చెబుతూనే.

ఇంతలో ఇంకో పక్క, ఎక్కువ మోతాదులో ఇచ్చిన ర్యాట్‌లకి కాలేయ క్యాన్సర్ వచ్చింది. ఆడవాళ్లలో అది రాలేదు. ర్యాట్ కాలేయం ఆ మందుని మార్చే తీరు వేరు.

అంటే ఒకే మందు గురించి ఒక జంతువు రెండుసార్లు తప్పు చెప్పింది, ఇంకో జంతువు ఆడవాళ్ల ట్రయల్ కంటే ముందే నిజం చెప్పింది. ఆ మౌస్ ఎందుకు నిజం చెప్పింది? అందులో ఉన్న రెండు గడ్డలూ మనిషివి, అడిగిన ప్రశ్న ఒక్కటే, దానికి తగ్గట్టు కట్టిన మోడల్ అది. ఇవాళ టామాక్సిఫెన్ వాడుతూ నెలసరి ఆగిపోయిన ఆవిడకి చుక్క రక్తం కనబడినా వెంటనే పరీక్ష చేయించాలని మేం పట్టుబడుతున్నామంటే దాని వెనక ఆ మౌస్ ఉంది. ఇది చదివేవాళ్లలో ఆ మందు వాడేవారుంటే ఆ లక్షణాన్ని అశ్రద్ధ చేయొద్దు. అలాగని భయపడి మందు మీకు మీరే ఆపొద్దు, డాక్టర్‌తో మాట్లాడండి.

ఆర్గనాయిడ్‌ల మాటకొస్తే, అవి అద్భుతం. పొర కణం హార్మోన్‌కి ఎలా స్పందిస్తుందో చూడాలంటే నేను మౌస్ కంటే ముందు దాన్నే ఎంచుకుంటాను. కానీ ఆ గోళంలో రక్తనాళం లేదు, నరం లేదు, మాక్రోఫేజ్ లేదు. వాణి గారి ప్రశ్నకి అది జవాబివ్వలేదు.

అహింస_రవి · బుధవారం సాయంత్రం 4:45

స్లైడు_చూపు గారూ, వివరంగా రాసినందుకు కృతజ్ఞతలు. అయితే నా అభ్యర్థన ఇలా మారుస్తాను. ఆర్గనాయిడ్‌తో తేలే ప్రశ్నలన్నీ ముందు అక్కడ తేల్చి, అక్కడ తేలనిదే జంతువు దాకా రావాలి. ప్రపోజల్‌లో ఆ వరస కనిపించాలి. జంతు ప్రయోగాల నియమాల గురించి రసెల్, బర్చ్ అనే శాస్త్రవేత్తలు 1959లోనే చెప్పింది ఇదే కదా: వీలైతే వేరే దారి, లేదంటే తక్కువ సంఖ్య, తక్కువ బాధ.

కోతుల మీద చేయాల్సింది చాలా తక్కువే మిగిలిందన్నారు. క్లైడ్ గారూ, మీరూ ఒప్పుకుంటారా?

క్లైడ్_తీరం · బుధవారం రాత్రి 10:30

పూర్తిగా కాదు రవి గారూ. నెలసరి ఎలా జరుగుతుందో కళ్లారా చూపింది రీసస్ కోతే. 1940లో మార్కీ అనే శాస్త్రవేత్త గర్భాశయ పొర ముక్కల్ని ఆ కోతి కంటి ముందుగదిలో నాటి, పారదర్శకమైన కార్నియా గుండా చూస్తూ కూర్చున్నాడు. పొర పలచబడటం, మెలికల ధమనులు ఇంకా మెలికపడి బిగుసుకుపోవడం, తర్వాత వదులై రక్తం ఒలకడం, అన్నీ. ఇవాళ ఏ కమిటీ దాన్ని ఒప్పుకోదు, ఒప్పుకోకూడదు కూడా. అయినా పాఠ్యపుస్తకాల్లో నెలసరి గురించి మనం చదివే సగం అక్కడి నుంచి వచ్చిందే.

కెన్యాలో, నైరోబీ దగ్గరి ప్రైమేట్ పరిశోధన సంస్థలో బబూన్‌ల మీద జరిగిన పని వల్లే, నెలసరి పొరని కడుపులోకి వదిలితే జబ్బు నిజంగా మొదలవుతుందని మనిషికి దగ్గరి జంతువులో రుజువైంది. ఈ మధ్య, 2023లో, జపాన్ బృందం ఒకటి ఐఎల్-8 అనే ఇంకో వాపు అణువుని అడ్డుకునే యాంటీబాడీ సైనోమోల్గస్ కోతుల్లో పుండ్ల సైజునీ అతుకుల్నీ తగ్గించిందని చూపింది. అది ఆడవాళ్లలో నొప్పి తగ్గిస్తుందా అన్నదే అసలు పరీక్ష. టీఎన్‌ఎఫ్ అనుభవం తర్వాత నేను కోతి ఫలితం చూసి సంబరపడటం మానేశాను.

నెల్లూరు_సుబ్బలక్ష్మి · గురువారం ఉదయం 9:00

మంచి చర్చ. ఒక సందేహం అండీ. అశోక చెట్టు బెరడు, పసుపులోని కర్క్యుమిన్, గ్రీన్ టీ ఇవన్నీ ఎలుకల్లో ఈ గడ్డల్ని కరిగించాయని వాట్సాప్‌లో తెగ తిరుగుతోంది. మా అమ్మాయికి ఇదే సమస్య. డాక్టర్ డైనోజెస్ట్ అనే హార్మోన్ మాత్ర రాశారు. దాని బదులు ఇవి వాడితే?

స్లైడు_చూపు · గురువారం ఉదయం 11:25

సుబ్బలక్ష్మి గారూ, డైనోజెస్ట్ ఆపకండి. ఏం మార్చాలన్నా మీ అమ్మాయిని చూస్తున్న డాక్టర్‌ని అడగండి.

కర్క్యుమిన్, గ్రీన్ టీ పదార్థాలు మౌస్‌లో పుండ్లని తగ్గించిన పరిశోధనలున్న మాట నిజమే. కానీ పైన వెర్నన్ పద్ధతి గురించి చదివారు కదా, మనం కుట్టిన తాజా ముక్కని చిన్నదిగా చేయడం చాలా పదార్థాలకి సాధ్యం. పదేళ్లుగా పాతుకుపోయి, చుట్టూ మచ్చకట్టి, నరాలు మొలిచిన పుండు వేరు. మోతాదు సంగతి ఇంకోటి. మౌస్‌కి కిలో బరువుకి ఇచ్చిన మోతాదుని మనిషికి లెక్కగట్టాలంటే సుమారు 12తో, ర్యాట్‌దైతే సుమారు 6తో భాగించాలి. అలా భాగించాక కూడా చాలా పరిశోధనల్లోని లెక్క వంటింటి పసుపుతో అందే మోతాదు కాదు. పైగా సూదితో కడుపులోకి ఎక్కించింది వేరు, నోటితో మింగింది వేరు.

డైనోజెస్ట్ లాంటి ప్రొజెస్టిన్‌ల వెనకా జంతువే ఉంది. 1929లో కార్నర్, ఆలెన్ కుందేలు గర్భాశయ పొర సాయంతోనే ప్రొజెస్టెరాన్ పనిని పట్టుకున్నారు. ఆ తర్వాత చాలాకాలం కొత్త ప్రొజెస్టిన్ ఏదొచ్చినా, కుందేలు పొరలో గ్రంథులు ఎంత కొమ్మలేశాయో చూసి మార్కులు వేసేవాళ్లు. తేడా ఏమిటంటే, ఆ మందు అక్కడితో ఆగలేదు. ఆడవాళ్లలో, నొప్పి కొలిచి, ట్రయల్స్ చేసి తేల్చుకున్నాక మీ అమ్మాయి చేతికి వచ్చింది. వాట్సాప్‌లో తిరిగేవి మొదటి మెట్టు మీదే ఉన్నాయి.

హారిక_బయో · శుక్రవారం రాత్రి 9:15

గైడ్ గారితో మాట్లాడాను. ముందు కొంచెం తటపటాయించారు, ఈ చర్చలోని విషయాలు చెప్పాక ఒప్పుకున్నారు. ప్లాన్ ఇలా మారింది.

ప్రశ్న: పొత్తికడుపులో పుండు దగ్గరికి చేరే మాక్రోఫేజ్‌లని తగ్గిస్తే, ఎవరూ తాకకుండానే ఉండే నొప్పి తగ్గుతుందా?

మందు హార్మోన్ స్పందనని దెబ్బతీస్తుందా అన్నది ముందు ఆర్గనాయిడ్‌లలో చూస్తాను. రవి గారు చెప్పిన వరస అది. తర్వాతే నెలసరి తెప్పించిన మౌస్ మోడల్. ర్యాట్ సర్జరీ మానేశాం. మొదటి కొలత గూడు కట్టడం, తవ్వడం, చక్రం పరుగు. రెండోది వాన్ ఫ్రై. పుండు సైజు మూడోది. ఏ మౌస్‌కి ఏమిచ్చామో కొలిచేవాళ్లకి తెలియకుండా ఉంచుతాం, గుంపులుగా విడదీయడం చీటీల పద్ధతిలోనే. గర్భాశయ పొర బదులు ఉత్త కొవ్వు ముక్కలు సూదితో వదిలిన మౌస్‌లు పోల్చి చూడటానికి ఒక కంట్రోల్ గుంపు. మనం చేసే పనుల వల్ల వచ్చే నొప్పి వేరు, జబ్బు నొప్పి వేరు అని చూపించాలి కదా.

నాకు మిగిలిన టెన్షన్ ఒకటే. మౌస్‌ల ఎద చక్రాలు ఒకదానికొకటి కలవడం లేదు. యోని నుంచి తీసిన కణాల స్మియర్ చూస్తే ఒక పంజరంలో సగం మౌస్‌లు వారాలుగా డైఈస్ట్రస్‌లోనే (ఎద లేని దశలోనే) ఉన్నాయి, స్లైడు నిండా తెల్లకణాలే.

పశుమిత్ర · శనివారం ఉదయం 6:30

అమ్మా, ఆడమౌస్‌లని మాత్రమే గుంపుగా ఒకే పంజరంలో ఉంచితే చక్రాలు మందగిస్తాయి, ఆగిపోతాయి కూడా. లీ, బూట్ అనేవాళ్లు 1950లలోనే గమనించారు. మగమౌస్ పంజరంలోని వాడిన పొట్టు ఒక గుప్పెడు తెచ్చి వేయండి. ఆ వాసనకి మూడో రోజుకల్లా చాలావాటికి ఎద వస్తుంది. స్లైడులో తెల్లకణాలు పోయి, కేంద్రకం లేని పొలుసుల్లాంటి కణాలు గుంపులుగా కనబడితే ఈస్ట్రస్, అంటే ఎద వచ్చినట్టు. అండాశయాలు తీసేసిన మౌస్‌లకి ఈ గొడవ లేదనుకోండి, వాటికి హార్మోన్ మీ చేతిలోనే ఉంది.

దాణా సంగతి అడిగారా? మామూలు దాణాలో సోయా ఉంటుంది. సోయాలో ఈస్ట్రోజెన్‌లా పనిచేసే పదార్థాలుంటాయి. మీరు ఈస్ట్రోజెన్ జబ్బు మీద పనిచేస్తూ ప్రతి పూటా తిండిలో దాన్ని కలిపి పెడుతున్నట్టే. సోయా, అల్ఫాల్ఫా లేని దాణా తెప్పించండి. ఖరీదు ఎక్కువైనా సరే, బడ్జెట్‌లో ఇప్పుడే రాయించండి. మధ్యలో దాణా బ్యాచ్ మార్చొద్దు.

పంజరాలు, నీళ్ల సీసాలు కూడా చూడండి. పాలికార్బొనేట్‌వైతే, గీతలు పడి మసకబారినవి పక్కన పెట్టేయండి. అమెరికాలో ప్యాట్రిషియా హంట్ ల్యాబ్‌లో ఎవరో ఘాటైన డిటర్జెంట్‌తో పంజరాలు కడిగారు. ప్లాస్టిక్ పాడై ఈస్ట్రోజెన్‌లా పనిచేసే బిస్ఫినాల్ ఏ అనే రసాయనం కారింది, కంట్రోల్ మౌస్‌ల అండాల్లోనే క్రోమోజోములు గాడి తప్పాయి. అది వెతికి తేల్చి 2003లో ప్రచురించారు. మీ యానిమల్ హౌస్‌లో పంజరాలు కడిగే అతన్ని సోమవారం పొద్దున్నే కలిసి, ఏ డిటర్జెంట్ వాడుతున్నాడో డబ్బా మీద పేరు చూసి రాసుకోండి. ఆ పేరూ, దాణా బ్యాచ్ నంబరూ మీ ల్యాబ్ నోట్‌బుక్ మొదటి పేజీలోనే ఉండాలి.